సముద్రం పడవ కాదు, కృష్ణ పడవ కావాలి: బోట్ల తయారీదారులకు బహిరంగ లేఖ

ఫైబర్, అల్యూమినియం పడవలు తయారుచేసే కంపెనీల యజమానులకు, డిజైనర్లకు, వాటిని మా జిల్లాల్లో అమ్మే డీలర్లకు

నమస్కారం.

నాగార్జునసాగర్, శ్రీశైలం బ్యాక్‌వాటర్ల మీద సొంత పడవలు నడుపుకునేవాళ్లం మేము. నందికొండ హిల్‌కాలనీ వైపు, నేరేడుగొమ్ము మండలంలోని వైజాగ్ కాలనీ ఒడ్డున, కొల్లాపూర్ దగ్గరి సోమశిలలో కట్టేసి కనబడే పడవల్లో కొన్ని మావే. ఇవి వేటకు కాదు, సెలవు రోజు ఇంటిల్లిపాదీ నీళ్ల మీద తిరిగి రావడానికి కొన్నవి. ఇలాంటి పడవల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 40 శాతం అయింది. పన్ను మీ చేతిలో లేదు కాబట్టి దాని మాట మీ దగ్గర ఎత్తం. మీ చేతిలో ఉన్నవే అడుగుతున్నాం.

ముందు మా నీళ్ల సంగతి చెప్పాలి. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, కనీస మట్టం 510. వానాకాలం చివర పడవను ఏ రాయికి కట్టేశామో ఆ రాయి ఎండాకాలం వచ్చేసరికి నీటికి ఎన్నో అడుగుల ఎత్తున గుట్ట మీద మిగిలిపోతుంది. నీరు వెనక్కి పోయినకొద్దీ పడవను గులకరాళ్ల మీదుగా కిందికి ఈడ్చుకుపోవాల్సిందే. చాలాచోట్ల జెట్టీ లేదు, సిమెంటు ర్యాంపు లేదు. ఇక శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. ఆ నీటి కింద మునిగిన ఊళ్ల మొండిగోడలున్నాయి, బావి గట్లున్నాయి, చెట్ల మొద్దులున్నాయి. మట్టం కొన్ని అడుగులు తగ్గితే చాలు, పోయిన నెల ధీమాగా పోయిన దారిలో ఈ నెల మోకాలి లోతున రాయి కాచుకొని ఉంటుంది. ఎండ 44 డిగ్రీలు దాటే రోజులున్నాయి. నీళ్లు మంచినీళ్లు, ఉప్పు లేదు. మీ కేటలాగుల్లో పడవలు మాత్రం తేలే జెట్టీకి, లోతైన హార్బర్‌కి, ఉప్పునీటికి ఆలోచించి చేసినవి. మా ఇబ్బందుల్లో సగం అక్కడే పుడుతున్నాయి.

అన్నిటికన్నా ముందు మేము అడిగేది ఒక రేకు ముక్క. అరచేయంత ఉంటే చాలు. స్టీరింగ్ దగ్గర, ఎక్కిన ప్రతివాడి కంటా పడేలా రివిట్లు కొట్టి బిగించండి. ఎంతమంది ఎక్కొచ్చు, మనుషులూ సామానూ ఇంజనూ కలిపి ఎన్ని కిలోలు, ఎన్ని హార్స్‌పవర్ దాకా ఇంజన్ పెట్టొచ్చు, ఖాళీ పడవ బరువెంత, ఏ నెల ఏ సంవత్సరం తయారైంది, పడవ ఒంటికి, అంటే హల్‌కు, వేసిన నంబర్ ఎంత: ఇవన్నీ దాని మీద తెలుగులోనూ చెక్కి ఉండాలి. స్టిక్కర్ వద్దు, రెండు ఎండాకాలాలకు తెల్లకాగితమైపోతుంది.

ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, సీట్లు లెక్కపెట్టి "ఎనిమిది సీటర్" అని అమ్ముతున్నారు. సీటు ఎన్ని కుట్టారన్నది దర్జీ లెక్క, తేలడం వేరే లెక్క. ఇలాంటి ప్లేటు లేని చిన్న పడవలకు అమెరికాలో ఒక మోటు లెక్క వాడతారు: పొడవును వెడల్పుతో గుణించి పదిహేనుతో భాగించాలి, కొలతలు అడుగుల్లో. పదహారడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న పడవకు 96ని 15తో భాగిస్తే 6.4 వస్తుంది. ఆరుగురు, అంతే. అదీ ప్రశాంతమైన నీటిలో, మనిషికి 68 కిలోల చొప్పున. అదే కొలత పడవలో ఎనిమిది సీట్లు ఎలా వస్తున్నాయి? ఎనిమిదో మనిషి ఎక్కితే వెనకభాగం నీటిమట్టానికి జానెడు దూరంలో ఆగుతుంది. సాగర్‌లో గాలి తిరిగి అలలు లేచాయంటే నీళ్లు వచ్చేది ముందునుంచి కాదు, ఇంజన్ కోసం తగ్గించి కోసిన ఆ వెనక పలక మీది నుంచే. 2007 జనవరిలో సింగోటం జాతర రోజుల్లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగిన ఘోరం కొల్లాపూర్ వైపు ఎవరూ మరిచిపోలేదు. గోదావరి మీద కచ్చులూరు, 2019 సెప్టెంబర్ 15. అవి పెద్ద బోట్లు, మావి చిన్నవి. నీళ్లకు ఆ తేడా తెలియదు.

రెండోది, నీళ్లు నిండినా మునగని పడవ. దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాం, ఎందుకంటే మీ అమ్మకం మాటల్లో అన్నిటికన్నా తేలిగ్గా దొర్లేది "అన్‌సింకబుల్" అన్న మాటే.

ఆ పదహారడుగుల పడవనే తీసుకుందాం. ఫైబర్ హల్ 300 కిలోలు. ఫైబర్ నీటికన్నా ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి నీటిలో మునిగాక అది సుమారు 100 కిలోలు కిందికి లాగుతుంది. నలభై హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ ఇంజన్ 95 కిలోల చుట్టూ ఉంటుంది, అందులో 75 కిలోల లాగుడు మిగులుతుంది. బ్యాటరీకి 15 వేయండి. మనుషులు ఆరుగురు, మనిషికి 70 చొప్పున 420 కిలోలు. నిండిన పడవలో కూర్చున్నవాడి ఒళ్లు కొంత నీటిలోనే ఉంటుంది గనక మొత్తం బరువు లెక్కలోకి రాదు. అమెరికా కోస్ట్‌గార్డ్ నియమం ప్రకారం మొదటి 250 కిలోల్లో సగం, మిగతాదాంట్లో ఎనిమిదో వంతు పట్టుకోవాలి. అంటే 125, దానికి 21 కలిపితే 146. అన్నీ కూడితే 336 కిలోలు. క్యూబిక్ మీటరుకు 32 కిలోల బరువుండే గాలి బుడగలు విడివిడిగా మూసుకుపోయి ఉండే క్లోజ్డ్‌సెల్ పాలీయురెథేన్ ఫోమ్ ఒక్కో లీటరుకు కిలోకి కాస్త తక్కువగా పైకెత్తుతుంది. కాబట్టి ఈ పడవలో 350 లీటర్ల ఫోమ్ ఉండాలి. రెండొందల లీటర్ల డ్రమ్ములు రెండు పక్కన పెట్టి చూడండి, దాదాపు అంత చోటు. మీరు అమ్మే పడవలో అంత చోటు ఎక్కడుందో డ్రాయింగ్ మీద వేలు పెట్టి చూపించండి. మేము అడిగేది అదే.

ఫోమ్ ఎంత అన్నది సగమే. ఎక్కడ అన్నది మిగతా సగం. మొత్తం తీసుకెళ్లి ఫ్లోర్ కింద పోస్తే, నిండిన పడవ బంతి మీద కూర్చున్నట్టు నిలకడ లేక తిరగబడుతుంది. ఇంజన్ బరువుకు సరిపడేది వెనక రెండు మూలల్లో ఉండాలి. మనుషులకు సరిపడేది రెండు పక్కలా, పైఅంచు కింద, ఎంత ఎత్తున పెట్టగలిగితే అంత ఎత్తున ఉండాలి. అప్పుడే పడవ నిండినా సమంగా తేలుతుంది, పిల్లలు పట్టుకొని కూర్చోవడానికి ఆసరా దొరుకుతుంది.

ఇక కొన్నిచోట్ల ఫోమ్ పేరుతో లోపల కూరుతున్నవి: పెట్టెలకు వాడే థర్మకోల్ ముక్కలు, మూత బిగించిన ఖాళీ నీళ్ల సీసాలు, లేదా ఏమీ లేని ఖాళీ గది. థర్మకోల్‌ను పెట్రోలు కరిగించేస్తుంది, ఫైబర్ పొరలను అతికించే రెజిన్‌లోని స్టైరీన్ కూడా కరిగిస్తుంది. సీసాలు ఎండకు పెళుసై పగులుతాయి. ఖాళీ గది ఒక్క స్క్రూ దిగిందంటే తొట్టి అయిపోతుంది. మంచి ఫోమ్ కూడా ఏళ్ల తరబడి నీటిలో నానితే బరువెక్కుతుంది. అందుకే ఫ్లోర్‌లో ఆరంగుళాల మూత ఒకటి ముందు, ఒకటి వెనక పెట్టండి, చెయ్యి పెట్టి తడి చూసుకోవడానికి. ప్లేటు మీద ఖాళీ బరువు అడిగింది కూడా ఇందుకే. పడవను ట్రైలర్‌తో సహా హాలియాలోనో దేవరకొండలోనో కొల్లాపూర్‌లోనో వడ్లు తూచే లారీ కాటా ఎక్కిస్తాం, ట్రైలర్ బరువు తీసేస్తాం. ప్లేటు మీద 300 ఉండి కాటా 380 చూపిస్తే, ఆ ఎనభై కిలోలు ఎక్కడ దాక్కున్నాయో తెలిసిపోతుంది.

ట్రాన్సమ్ గురించి. ఇంజన్ బిగించే వెనక పలక ఇది. చాలా పడవల్లో దీని లోపల ప్లైవుడ్ ఉంటుంది. ఐఎస్ 710 మెరైన్ ప్లై వాడితే మాకు అభ్యంతరం లేదు, హై డెన్సిటీ ఫోమ్ కోర్ అయితే ఇంకా సంతోషం. కానీ ఇంటి అల్మారాలకు వాడే రకం వేసి పైన ఫైబర్ కప్పేస్తే కొన్న రోజు ఎవరికీ తెలియదు. చెడేది ఎప్పుడూ ఒకే తీరున. ఇంజన్ బోల్టులకు పన్నెండు మిల్లీమీటర్ల రంధ్రాలు కొడతారు, బోల్టు దూర్చి వాషర్ కింద కొంచెం సిలికాన్ పూసి బిగిస్తారు. ఇంజన్ అదురుకు సిలికాన్ విడిపోతుంది. రంధ్రం గోడలో బయటపడి ఉన్న చెక్క నీళ్లు పీలుస్తుంది. రెండు మూడేళ్లకు చిన్న సుత్తి పిడితో తట్టి చూడండి: గట్టిగా ఉన్నచోట టక్ టక్‌మంటుంది, కుళ్లినచోట తడి గోనెసంచిని తట్టినట్టు చప్పుడే రాదు. బోల్టు విప్పితే రంధ్రంలోంచి టీ డికాక్షన్ రంగు నీళ్లు కారతాయి. అప్పటికి ఇంజన్ పూర్తి థ్రాటిల్‌లో పలకను వెనక్కి గుంజుతూ ఉంటుంది.

దీనికి మందు మీ షెడ్డులోనే ఉంది, అరపూట పని. పన్నెండు మిల్లీమీటర్ల బోల్టుకు ఇరవై మిల్లీమీటర్ల రంధ్రం కొట్టండి. దాన్ని గట్టిపరిచిన ఎపాక్సీతో నింపి ఆరనివ్వండి. ఆ ఎపాక్సీ మధ్యలో మళ్లీ పన్నెండు కొట్టండి. చెక్క నీటికి ఎక్కడా కనబడదు. డ్రెయిన్ ప్లగ్ రంధ్రానికీ, నిచ్చెన కొక్కేలకూ, నీటి లోతు చూపే సోనార్ వైరు స్క్రూలకూ ఇదే పద్ధతి. డీలర్ దగ్గర ఇంజన్ బిగించే మిస్త్రీకి ఈ పని నేర్పండి, చేసినట్టు ఫొటో తీసి వారంటీ కార్డుతో ఇవ్వండి.

అదే పలక ఎత్తు కూడా సరిచూడండి. నీటిలోకి దిగే కాలు పొట్టిగా ఉన్న షార్ట్ షాఫ్ట్ ఇంజన్‌కు 15 అంగుళాలు, పొడుగ్గా ఉన్న లాంగ్ షాఫ్ట్‌కు 20. డీలర్ దగ్గర ఏ ఇంజన్ ఉంటే అది తగిలిస్తే, ఒకదాంట్లో ప్రొపెల్లర్ గాలి మింగి ఊరికే గిరగిర తిరుగుతుంది, ఇంకోదాంట్లో రెండు జానల లోతున రాళ్లను వెతుక్కుంటూ పోతుంది. ప్రొపెల్లర్ పైనుండే అడ్డ పలక హల్ అడుగుతో సమంగా, లేదా ఒక అంగుళం కిందుగా ఉండాలి.

హల్ అడుగు విషయానికొస్తే, గులకరాళ్ల మీద ఈడ్చే పడవ ఇది. ముందు కొన నుంచి వెనకదాకా మధ్య వెన్ను మీద మామూలు మందానికి అదనంగా కనీసం రెండు పొరలు గ్లాస్ వేసి, దాని మీద స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీ బిగించి ఇవ్వండి. మంచినీళ్లకు 304 గ్రేడ్ సరిపోతుంది, 316 అని చెప్పి ధర పెంచక్కర్లేదు. పట్టీ స్క్రూలతో కాకుండా అతికించి ఉండాలి, లేకపోతే రంధ్రాల కథ మళ్లీ మొదలు.

మంచినీళ్లలో ఇంకో సంగతి. ఫైబర్ మీద బొబ్బలు ఉప్పునీటిలో కన్నా ఇక్కడే తొందరగా లేస్తాయి. జెల్‌కోట్ అంటే ఫైబర్ మీది మెరిసే పైపూత. దాని వెనక పొరలో కరిగిన రసాయనాలు చిక్కగా ఉంటాయి, బయట నీళ్లు పలుచన. ఉప్పునీళ్లలో కన్నా మంచినీళ్లలో శనగలు బాగా ఉబ్బినట్టే, నీళ్లు జెల్‌కోట్ దాటి లోపలికి చొరబడి ఉబ్బిస్తాయి. బొబ్బను సూదితో పొడిస్తే సిర్కా వాసనతో జిగట నీరు చిమ్ముతుంది. జెల్‌కోట్ వెనక మొదటి పొరకు మామూలు ఆర్థో రెజిన్ వద్దు, నీటిని బాగా తట్టుకునే ఐసోఫ్తాలిక్ గానీ వినైల్ ఎస్టర్ గానీ వాడండి, ఆ పొరలో పౌడర్ బైండర్ మ్యాట్, అంటే గాజు పోగులను పొడి జిగురుతో అతికించిన చాప, వేయండి. ఏ రెజిన్ వాడారో బిల్లు మీద రాయండి. ఏడాది పొడుగునా నీటిలోనే ఉండే పడవకు ఇది తప్పనిసరి. మెరుపు కోసం ముదురు రంగు డెక్కులు ఇవ్వకండి. మే నెలలో నల్ల డెక్కు మీద పిల్లలు కాలు పెట్టలేరు.

ఉప్పునీటికి అలవాటైన మీరు ఇంజన్‌కు జింకు యానోడ్ పెట్టి పంపుతున్నారు. తుప్పును తనమీద వేసుకొని లోహాన్ని కాపాడాల్సిన ముక్క అది. మంచినీటిలో దాని మీద గట్టి పొర కట్టుకుపోయి అది పని మానేస్తుంది. ఏడాది తర్వాత చూస్తే యానోడ్ కొత్తదానిలా ఉంటుంది, పక్కన గేర్ కేసు గుంటలు పడి ఉంటుంది. యానోడ్ అరగలేదని సంబరపడేవాళ్లకు ఇది చెప్పేవాళ్లు లేరు. మంచినీళ్లకు మెగ్నీషియం యానోడ్ ఇవ్వండి. మా పడవలు సముద్రం ముఖం చూడవు.

పెట్రోలు. బంకులో ఇప్పుడు మాకు దొరికేది ఈ20, ఐదో వంతు ఇథనాల్. పడవ వెనక పలకకు బయట తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజన్లు చాలావాటి మాన్యువల్‌లో మాత్రం 10 శాతం దాకానే పనికొస్తుందని ఉంటుంది. ఈ రెండింటి మధ్య మేము ఇరుక్కున్నాం. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. పడవ రెండు మూడు వారాలు సగం ట్యాంకుతో నిలబడితే తేమ చేరుతూ పోతుంది, హద్దు దాటాక ఇథనాలూ నీళ్లూ కలిసి అడుగుకు దిగుతాయి. ఇంజన్ పీల్చే గొట్టం కూడా అడుగునే ఉంటుంది. పాత రకం రబ్బరు పైపు ఉబ్బి లోపల పొరలు ఊడుతుంది, ఆ నలకలు కార్బురేటర్ జెట్‌లో ఇరుక్కుంటాయి. ఫైబర్ ట్యాంకు అయితే దాని రెజినే మెత్తబడి జిగురవుతుంది. కాబట్టి ట్యాంకు ప్లాస్టిక్‌ది గానీ అల్యూమినియంది గానీ ఇవ్వండి, ఇథనాల్‌కు తట్టుకునే పైపు వేయండి, ట్యాంకుకూ ఇంజన్‌కూ మధ్య పది మైక్రాన్ల నీటి ఫిల్టర్‌ను అడుగున గాజు గిన్నె ఉన్నది బిగించండి, నీరు దిగింది లేనిది చూడగానే తెలిసేలా. ఇంజన్ కంపెనీలను మేము నేరుగా అడుగుతున్నాం: ఈ20కి తగిన గాస్కెట్లు, పైపుల కిట్ పార్ట్ నంబర్‌తో ఇవ్వండి. "మా వారంటీలోకి రాదు" అనే జవాబుతో సరిపెట్టకండి. ఈ దేశంలో ఇంజన్ అమ్ముతున్నప్పుడు ఈ దేశపు బంకులో దొరికే పెట్రోలుతో అది నడవాలి.

ప్రొపెల్లర్ అల్యూమినియందే ఇవ్వండి. రాయి తగిలితే రెక్క వంగుతుంది, లోపలి గేర్లు బతుకుతాయి. స్టీలుదైతే రెక్కకు ఏమీ కాదు, దెబ్బంతా గేర్ల మీదికి పోతుంది. ప్రొపెల్లర్ ఒక్క చుట్టుకు ఎంత ముందుకు తోయాలన్న పిచ్ కొలతను కూడా పడవ నిండా మనుషులతో నడిపి చూసి నిర్ణయించండి. పూర్తి థ్రాటిల్‌లో ఇంజన్ మాన్యువల్ చెప్పిన ఆర్‌పీఎం అందకపోతే పిచ్ ఒక అంగుళం తగ్గించాలి, సుమారు 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. ఒక్క మనిషితో ట్రయల్ వేసి స్పీడు చూపించి అమ్మిన పడవ కుటుంబం ఎక్కేసరికి ముక్కుతూ పోతుంది.

వలల సంగతి మీకు తెలియకపోవచ్చు. మా నీళ్లలో తెగిపోయి కొట్టుకొచ్చే నైలాన్ వలలు చాలా ఉంటాయి. సన్న దారం ప్రొపెల్లర్ వెనక చుట్టుకొని షాఫ్ట్ సీలును కోసేస్తుంది. బయటికి ఏమీ కనబడదు. గేర్ ఆయిల్ కింది స్క్రూ వదులు చేసి వేలి మీద ఒక చుక్క పడనిస్తే మజ్జిగ రంగులో ఉంటుంది, అంటే నీళ్లు కలిశాయి. అలాగే నడిపితే బేరింగులు తుప్పు పట్టి గేర్ బాక్స్ పోతుంది. ప్రతి పడవతో రెండు సీళ్లు, దారం కోసే పళ్లెం ఒకటి, ఇంజన్‌ను చల్లార్చే నీళ్ల పంపులో తిరిగే రబ్బరు చక్రం, ఇంపెల్లర్, కిట్ ఒకటి డబ్బాలో పెట్టి ఇవ్వండి. ఒండ్రు నీళ్లలో ఇంపెల్లర్ రెక్కలు తొందరగా అరుగుతాయి. ఇంజన్ పక్కనుంచి వచ్చే సన్నధార బలహీనపడిందంటే దాన్ని మార్చే సమయం వచ్చినట్టే. ఆ చిన్న రబ్బరు ముక్క ఇవాళ తీర పట్నాల నుంచి తెప్పించుకోవాల్సి వస్తోంది. నల్గొండలో ఒకటి, మహబూబ్‌నగర్‌లో ఒకటి, రెండు దుకాణాల్లో ఇరవై రకాల సామాను ఉంచినా చాలు. మోడల్ ఆపేశాక కూడా పదేళ్లు విడిభాగాలు దొరకాలి, ధరల పట్టిక బయట పెట్టాలి.

కరెంటు పని గురించి ఎక్కువ చెప్పం. తగరం పూత ఉన్న రాగి వైరు వేయండి, ఇంటి వైరు వద్దు. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం లోపల ఉండాలి. నీళ్లు తోడే పంపు మెయిన్ స్విచ్ ఆపినా తనంతట తాను నడిచేలా విడి ఫ్యూజుతో, ఫ్లోట్ స్విచ్‌తో కలపండి, ఎందుకంటే ముసురుపట్టిన రాత్రి ఒడ్డున కట్టేసిన పడవలో ఎవరూ ఉండరు. వైరింగ్ బొమ్మ లామినేషన్ చేసి మూత వెనక అంటించండి.

వెనక నిచ్చెన చివరి మెట్టు నీటి కింద కనీసం 22 అంగుళాలు దిగాలి. ఇప్పుడు వచ్చేవి నీటి పైనే ఆగిపోతున్నాయి, తడిసిన బట్టలతో ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఎక్కలేకపోతున్నారు. ఇంజన్ ఆపే తాడును డ్రైవర్ నడుముకు కట్టుకునేదాకా స్టార్ట్ కాని స్విచ్ పెట్టండి. లైఫ్ జాకెట్లు నాలుగూ పెద్దసైజువే ఇస్తున్నారు. పిల్లలవి రెండు, కాళ్ల మధ్య పట్టీ ఉన్నవి, అందులో కలపండి.

ట్రైలర్ విషయంలో ఒక్కటే మాట. డిండి నుంచో దేవరకొండ నుంచో వచ్చేసరికి చక్రాల హబ్బులు కాగిపోయి ఉంటాయి. వేడి హబ్బును చల్లటి నీళ్లలో దింపితే లోపలి గాలి ముడుచుకొని సీలు పక్కనుంచి నీళ్లు లాక్కుంటుంది, గ్రీజు పాడవుతుంది. స్ప్రింగు ఒత్తిడితో గ్రీజును లోపలికి నెట్టే మూతలు ఇవ్వండి, పదంగుళాల చక్రాలకు బదులు పదమూడువి ఇవ్వండి.

కాగితాలు. ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం, 2021 వచ్చాక ఇంజన్ ఉన్న పడవకు సర్వే అనే అధికారుల తనిఖీ, రిజిస్ట్రేషన్ కావాలి. ఒక రాష్ట్రంలో చేయించిన రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతుంది. అవతలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్‌ది అయిన సోమశిల వాళ్లకు ఇది ఎంత మేలో చెప్పక్కర్లేదు. కానీ సర్వేకు పోతే అడిగేవి మీ దగ్గర ఉండే కాగితాలే: బిల్డర్ సర్టిఫికెట్, కొలతల డ్రాయింగు, నిలకడ లెక్కలు, ఏ పొర ఏ మందమో చెప్పే వివరం. పడవ డెలివరీ రోజునే ఇవి ఒక ఫైలుగా చేతిలో పెట్టండి. అమ్మేశాక ఆరు నెలలకు అడిగితే "ఆ బ్యాచ్ డ్రాయింగులు లేవు" అనడం ఏమిటి? డ్రాయింగు లేకుండా పడవ ఎలా చేశారు? వారంటీని బిల్లు తేదీ నుంచి కాకుండా నీళ్లలో దింపిన తేదీ నుంచి లెక్కించండి. మాన్యువల్ తెలుగులో ఇవ్వండి. మా దగ్గర ఇంజన్లు విప్పే కుర్రాళ్లు చేతి పనిలో ఎవరికీ తీసిపోరు, ఇంగ్లిష్ పుస్తకమే వాళ్లకు అడ్డం.

ఇందులో కొన్నిటికి ధర పెరుగుతుందని తెలుసు. ఫోమ్‌కు, మంచి రెజిన్‌కు, పైపులకు, ఎపాక్సీకి అయ్యే ఖర్చు విడిగా రాసి చూపిస్తే కట్టడానికి సిద్ధంగా ఉన్నాం. మ్యూజిక్ సిస్టమ్, నీలం లైట్లు, కప్పు పెట్టుకునే గుంటలు తీసేయండి, ఆ డబ్బు ఇటు మళ్లించండి.

ఈ ఏడాది సాగర్ నిండాక మీ పదహారడుగుల పడవ ఒకటి నందికొండకు తీసుకురండి. ఇంజన్, బ్యాటరీ, ట్యాంకు అన్నీ బిగించి తెండి. ఒడ్డుకు దగ్గర్లో, నడుంలోతు నీళ్లలో డ్రెయిన్ ప్లగ్ తీసి పూర్తిగా నీళ్లు నిండనివ్వండి. మాలో ఆరుగురం జాకెట్లు వేసుకొని ఎక్కి కూర్చుంటాం, అందరం ఒక పక్కకు జరిగి కూడా చూస్తాం. అరగంట సమంగా తేలితే ఆ పడవ పేరు మా జిల్లాల్లో మేమే చెప్తాం.

ఇట్లు,
నందికొండ, వైజాగ్ కాలనీ, సోమశిల ఒడ్డుల సొంత పడవల యజమానులు